ఎర్రదారం కట్టిన సీసా

నది పొంగి బ్యాండు గదిలోకి జొరబడి, పెద్ద డ్రమ్మును చర్చి మెట్లదాకా తేల్చుకుపోయిన వరద తర్వాత మూడో ఏడు అది. ఆల్డర్‌షా ఊళ్ళో ఏ సంగతి చెప్పినా ఆ వరదకు ముందో వెనకో చెబుతారు. ఆ ఏడు మే నెలలో ఒక గురువారం పొద్దున విల్ఫ్రెడ్ సగ్డెన్ వంటగది బల్ల మీద రెండు చిన్న సీసాలు పక్కపక్కన నిలబెట్టి, రెండు గుడ్లూ టోస్టూ తిని, ఈ ప్రయాణంలో ఇక తప్పు జరగడానికి చోటే లేదని తేల్చుకున్నాడు.

అరవై ఎనిమిదేళ్ళ మనిషి. తివాచీల మిల్లులో మగ్గాలు బాగుచేసి రిటైరయ్యాడు. ఊరి ఇత్తడి బ్యాండులో ముప్పై ఒక్క ఏళ్ళు రెండో యూఫోనియం కుర్చీలో కూర్చున్నాడు. యూఫోనియం అంటే పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని ఊదే పెద్ద బాకా. రెండో కుర్చీ వాడికి ఒంటరిగా వాయించే యోగం ఉండదు. మొదటి కుర్చీ ఆర్థర్‌కి మోకాళ్ళు పోయాక గాని విల్ఫ్రెడ్ వంతు రాలేదు. శనివారం నార్వేలో పోటీ. పాట నడిమధ్య ఒకటిన్నర నిమిషం ఆయన ఒక్కడిదే. అది సరిగా రాకపోతే వచ్చే ఏడు ఆ కుర్చీ ఇంకొకరిదని బ్యాండు నడిపే క్లెగ్ మొహం మీదే చెప్పాడు.

విల్ఫ్రెడ్ పైపు మానేసి ఈ-సిగరెట్‌కి మారి నాలుగేళ్ళయింది. బ్యాండులో మరో ఆరుగురిదీ అదే అలవాటు. అందుకని విమానం నియమాలన్నీ ఆయనే కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, ప్రాక్టీసు రోజున అందరికీ బోధించాడు. ఈ-సిగరెట్‌ను పెట్టెలో వేయకూడదు, చేతిసంచిలోనే ఉంచుకోవాలి. అందులో పోసే ద్రవం చిన్న సీసాల్లో, పారదర్శకమైన సంచిలో పెట్టుకోవాలి. విమానంలో చార్జింగు పెట్టకూడదు, మరుగుదొడ్లో దూరి పీల్చకూడదు. అందరూ తలలూపారు. ఇరవై ఏళ్ళలో ఈ బ్యాండు ఒకరి మాట పూర్తిగా వినడం ఇదే మొదలని క్లెగ్ అన్నాడు.

ఆ ఊపులో విల్ఫ్రెడ్ ఇంకో మాట కూడా చెప్పాడు. బాకాల్లో స్వరం మార్చడానికి వేళ్ళతో నొక్కే వాల్వులకు వేసే నూనె మంటంటుకునే సరుకు, అది విమానం ఎక్కడానికి వీల్లేదు, ఎవరి సీసా వాళ్ళు ఇంట్లోనే వదిలి రావాలి. మరి అక్కడ వాల్వులు బిగుసుకుంటే ఏం చేయాలని కార్నెట్ అనే చిన్న బాకాల వాళ్ళు అడిగితే, అది తను చూసుకుంటానన్నాడు. చూసుకున్న తీరు ఇది: ఈ-సిగరెట్ ద్రవం అయిపోయిన ఖాళీ సీసా ఒకటి తీసుకుని, కడగకుండానే అందులో వాసన లేని వాల్వు నూనె పోశాడు. మిగతా ఇరవైముగ్గురికీ వర్తించే నియమం తన ఒక్క బుల్లి సీసాకి వర్తించదని ఆయన లెక్క. సీసా మీద "రూబార్బ్ కస్టర్డ్" అని ఆ ద్రవం రుచి పేరున్న పాత చీటీ అలాగే ఉంది. పక్కన అసలు రూబార్బ్ కస్టర్డ్ సీసా ఉంది. రెండూ ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లా ఉన్నాయని, నూనె సీసా మెడకు ఎర్రదారం కట్టి, నేత ముడి వేసి, సంచి తేవడానికి మేడమీదికి వెళ్ళాడు.

అప్పుడు ఆయన భార్య ఎనిడ్ వంటగదిలోకి వచ్చింది.

వరద దిగాక ఎవరి కుర్చీ ఎవరిదో, ఎవరి బకెట్టు ఎవరిదో తెలియక ఆల్డర్‌షాలో ఇంటింటికీ ఒక రంగు దారం పెట్టుకున్నారు. సగ్డెన్‌లది ఎరుపు. ఆ అలవాటు ఎనిడ్‌ని ఇంకా వదల్లేదు. బస్సెక్కినా గొడుక్కి దారం ఉండాల్సిందే. బల్ల మీద ఒక సీసాకు దారం ఉంది, ఒకదానికి లేదు. ఈయన పనులన్నీ ఇలా సగం సగమే అనుకుని, రెండో సీసాకూ ఎర్రదారం కట్టింది. ఆమె కూడా ఆ మిల్లులోనే ముడి వేయడం నేర్చింది.

విమానాశ్రయంలో తనిఖీ చేసే అమ్మాయి సంచి ఎత్తి చూసి, ఈ రెండు సీసాల్లో ఏముందని అడిగింది. విల్ఫ్రెడ్ సంచివైపు చూడనైనా చూడకుండా, రూబార్బ్ కస్టర్డ్ అన్నాడు. రెండింటిలోనా అంది. రెండింటిలోనూ అన్నాడు. ఆ అమ్మాయి రెండు మూతలూ తీసి వాసన చూసింది. రెండూ ఒకటే వాసన. వాళ్ళ నాయనమ్మ గుర్తొచ్చిందని చెప్పి పంపించేసింది. విమానంలో విల్ఫ్రెడ్ కాళ్ళు చాపుకుని నిద్రపోయాడు.

శనివారం సాయంత్రం, రేవు పక్కన పోటీ హాలు. వీళ్ళది పన్నెండో బ్యాండు, చివరిది. వాల్వులకు నూనె కావాలని అందరూ విల్ఫ్రెడ్ చుట్టూ మూగారు. సంచి తెరిచాడు. రెండు సీసాలు, రెండు ఎర్రదారాలు. ఇంకొకరైతే అక్కడ ఆగేవారు. విల్ఫ్రెడ్ ముళ్ళు తడిమి చూసి, నా వేళ్ళు నాకు తెలియవా అనుకుని, ఒక సీసా తీసి తన మూడు వాల్వుల్లో మూడేసి చుక్కలు వేసి, మిగతా వాళ్ళ చేతికిచ్చాడు. అది కార్నెట్‌ల నుంచి కొమ్ముల దాకా, కొమ్ముల నుంచి పెద్ద బాస్‌ల దాకా తిరిగి, అడుగున నాలుగు చుక్కలతో వెనక్కి వచ్చింది. మంచి వాసన వస్తోందని బాస్ వాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

పని అయిందని విల్ఫ్రెడ్ రేవు గట్టు మీదికి వెళ్ళి, రెండో సీసాతో ఈ-సిగరెట్ నింపుకుని పెదాల మధ్య పెట్టుకున్నాడు. పీల్చబోయేలోపే నాలుక పసిగట్టింది. పాత లాంతరు నాకినట్టుంది. ఉమ్మేశాడు. ఉమ్మే కంగారులో సీసా చెయ్యి జారి సముద్రంలో పడింది. ఎర్రదారం నీళ్ళమీద కాసేపు కనబడి మునిగిపోయింది. తన చేతిలోది నూనె అయితే, బ్యాండు బాకాలన్నిటిలో ఉన్నదేమిటో ఆయనకు అప్పుడు అర్థమైంది.

ప్రయాణానికి తోడొచ్చిన ఎనిడ్ హాలు గుమ్మంలో ఎదురైంది. సీసాకి దారం ఎవరు కట్టారని అడిగాడు.

"నేనే. మనదేగా?"

"ఒకదానికే కట్టాను నేను. గుర్తుండాలని."

"నేనూ గుర్తుండాలనే కట్టాను," అంది ఎనిడ్. "విమానం నియమాలు ఊరంతటికీ చెప్పావు. ఇంట్లో దానికి చెబితే నోరు అరిగిపోతుందా?"

లోపల అప్పటికే గోల మొదలైంది. ఆ జిగురు ద్రవానికి నొక్కిన వాల్వు కిందికి వెళ్తోంది గాని పైకి రావడానికి మొరాయిస్తోంది. వేదిక ఎక్కడానికి ఎనిమిది నిమిషాలుంది. ఉన్న ఒక్క కుళాయి దగ్గర ఇన్ని బాకాలు కడగడం అయ్యేది కాదు. విల్ఫ్రెడ్ క్లెగ్ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా ఏదీ దాచకుండా చెప్పాడు. తన సోలో వేరే ఎవరికైనా ఇచ్చేయమని కూడా అన్నాడు.

"ఎవరికివ్వను? అందరికీ నువ్వే పోశావుగా," అన్నాడు క్లెగ్. "అసలు పైకి లేస్తున్నాయా?"

"లేస్తున్నాయి. పెన్షన్ రోజు పోస్టాఫీసు బెంచీ మీంచి మనం లేచినట్టు."

క్లెగ్ కోటు బొత్తాలు పెట్టుకున్నాడు. "అయితే అలాగే వాయిద్దాం. వాల్వు లేచేదాకా నేను చెయ్యి దించను. ఎవరూ నాకంటే ముందు పరుగెత్తకండి. నువ్వు అసలే వద్దు విల్ఫ్."

ఆ పోటీల్లో న్యాయనిర్ణేత ఎవరినీ చూడకూడదు. హాలు మధ్యలో తెరలు కట్టిన గుడారంలో కూర్చుని వినడమే. ఆ రోజు అందరికీ ఒకటే పాట: ఒక మిల్లు మూతపడే రోజు. చివర్లో కూలీలంతా గేటు బయటికి వచ్చే ఘట్టం గుర్రప్పరుగులా ఉంటుంది. పదకొండు బ్యాండ్లూ దాన్ని అలాగే వాయించాయి. ఆల్డర్‌షా బ్యాండు సగం వేగంతో వాయించింది. విల్ఫ్రెడ్ వంతు వచ్చినప్పుడు, ఒక స్వరం విడిచిపెట్టకముందే రెండోది వచ్చి దాని భుజం మీద వాలింది. ఆయన ఏమీ చేయలేదు, వాల్వు లేచేదాకా ఊపిరి ఆపకుండా ఊదాడంతే. వెచ్చటి ఊపిరికి బాకాలన్నిటి నోళ్ళ నుంచీ రూబార్బ్ కస్టర్డ్ వాసన బయల్దేరి హాలంతా పరుచుకుంది. చివరి ఘట్టంలో కూలీలు పరుగెత్తలేదు. ఒక్కొక్కరే వెనక్కి చూసుకుంటూ నడిచి వెళ్ళారు. ఎనిడ్ చేతిరుమాలు తీసింది. తివాచీల మిల్లు మూసేసిన రోజు ఆ గేటులోంచి ఆమె నిజంగా అలాగే వచ్చింది.

గుడారంలోంచి బయటికి వచ్చినావిడ పేరు సోల్వెయిగ్ ట్వెయిట్. పొడుగాటి, నవ్వని మనిషి. కాగితం చూసి చదివింది. పదకొండు మిల్లుల వాళ్ళు బస్సు పోతుందన్నట్టు పరుగెత్తారని, ఒక్క మిల్లు వాళ్ళకే అది ఆఖరి రోజని తెలుసని అంది. మొదటి బహుమతి ఆల్డర్‌షాకి, సోలో కప్పు యూఫోనియానికి. మధ్యలో ఎక్కడో కస్టర్డ్ వండుతున్న వాసన వచ్చిందని, అయితే మార్కులకు దానితో సంబంధం లేదని కూడా చెప్పింది. ఆ నిదానం ఎలా సాధించారని విల్ఫ్రెడ్‌ని అడిగింది.

"సాధనే," అన్నాడు విల్ఫ్రెడ్.

మర్నాడు మధ్యాహ్నం ఊరి కూడలిలో ముగింపు కచేరీ. ఇదే పాట, ఇదే వేగంతో వాయించమని ఆవిడ కోరింది. వాల్వులు ఎవరైనా కడిగితే ఊరుకోనని క్లెగ్ హెచ్చరించాడు.

కచేరీ రోజు పొద్దున విల్ఫ్రెడ్ అందరికంటే ముందు లేచాడు. నిన్నటి నుంచి ఒక్క దమ్ము లేదు. ఆ ద్రవం ఆ ఊళ్ళో ఎక్కడా దొరకదని, మిగతా ఆరుగురి సీసాలూ రాత్రి సంబరంలోనే ఖాళీ అయ్యాయని తేలింది. సీసా అడుగున మిగిలిన నాలుగు చుక్కలూ నూనె పోయేలా కడిగిన ఈ-సిగరెట్‌లో పోస్తే నాలుగు దమ్ములు వస్తాయి. కిటికీ దగ్గర కూర్చుని సీసాను చాలాసేపు చూశాడు. తర్వాత మూడు వాల్వులూ విప్పి, ఒక్కో చుక్క వేసి బిగించాడు. నాలుగోది నడి వాల్వుకి.

ఆ పైన సీసా మీది చీటీ గీకేసి, ఎనిడ్ పెన్ను తీసుకుని, అందరికీ తెలిసేలా పెద్ద అక్షరాలతో "వాల్వు నూనె" అని రాశాడు.