చక్రాల మీద టమాటాలు

ఆ ఉదయం హోల్డాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య నిద్రలేచేలోగా సూట్‌కేసును వీధి మలుపులోని బస్‌స్టాపు దాకా లాక్కెళ్ళాలి. పొద్దుటి ఎండ ఉన్నంతసేపూ దాని పక్కన కూర్చోవాలి. మళ్ళీ లాక్కొచ్చి పెరట్లో రేకుల చాటున దాచేయాలి. అప్పటికి కొన్నాళ్ళుగా ఇదే పని చేస్తున్నాడు కాబట్టి కొత్తగా ఏదైనా జరుగుతుందని ఆయనకు అనిపించలేదు.

హోల్డాన్ అనేది వీధి పెట్టిన పేరు. బస్సు కండక్టరుగా బండి ఆపమని ఆ మాట అరిచీ అరిచీ అదే ఆయన పేరై కూర్చుంది. మోకాళ్ళు మొరాయించడంతో గడువుకన్నా ముందే రిటైరై, భార్యను వెంటబెట్టుకుని ఊళ్ళు తిరిగాడు. బస్సులో కూర్చుని ప్రయాణం చేస్తే ఎలా ఉంటుందో చూడాలని ఆయన కోరిక.

ఆవిడ టైలరు. ఆవిడకు ప్రయాణాలంటే ఇష్టమే గానీ బయలుదేరడమే గిట్టదు. ఖాళీ చేసిన ప్రతి లాడ్జి గదినీ గుమ్మంలో నిలబడి ఓసారి చూసుకుని, కళ్ళు తుడుచుకుని గానీ కదిలేది కాదు. నల్లులున్న గదికైనా ఆ మర్యాద తప్పలేదు. ఇల్లు చేరాక ఒకటే మాట చెప్పింది.

"ఈ సూట్‌కేసు మా తమ్ముడిది తమ్ముడికి ఇచ్చేయండి. ఇది కళ్ళబడితే ఎవరో వెళ్ళిపోతున్నట్టే ఉంటుంది నాకు."

ఇచ్చేద్దామనే అనుకున్నాడు. ఈలోగా కూరగాయల పిచ్చి పట్టుకుంది. పెరట్లో ఎండ పడదు. తూర్పున లేచిన భవనం దాన్ని మింగేస్తుంది. పొద్దుటి ఎండ పడేది బస్‌స్టాపు దగ్గరే. రోజూ కుండీలు మోయడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఉద్యోగమంతా జనాన్ని కావలసిన చోటికి చేర్చిన మనిషి కాబట్టి, మొక్కల్ని కూడా చేర్చవచ్చని తోచింది. సూట్‌కేసుకు నాలుగు చక్రాలున్నాయి. దాన్ని నిలబెట్టి, లాగే పిడి మాత్రం వదిలేసి, పైభాగం రంపంతో కోసేశాడు. అడుగున చిల్లులు పెట్టాడు. సగందాకా ఎండుటాకులు, ఆపైన మట్టి, అందులో టమాటా నారు. అంతా అయ్యాక, అది తనది కాదన్న సంగతి గుర్తొచ్చింది.

మొదటి కాపు బావమరిది చేతిలో పెట్టి అప్పుడు నిజం చెబుదామని నిర్ణయించుకున్నాడు. అందాకా దారిలోనూ, బస్సు వచ్చినప్పుడూ ఎవరి కంటా పడకుండా మొక్కల మీద పాత ఖాకీ చొక్కా కప్పేవాడు.

ఎదురింటి మేడమీద ఉండే టీచరమ్మకు మొక్కలు కనిపించలేదు. సూట్‌కేసు కనిపించింది. గేటు చప్పుడవకుండా తీసి, ఇంటివైపు రెండుసార్లు తిరిగి చూసి, కుంటుకుంటూ వెళ్తున్న మనిషి కనిపించాడు. ఆవిడ గుండె చెరువైంది. ఆ సాయంత్రం బడి నుంచి వస్తూ బస్సు డ్రైవరు చెవిన వేసింది.

"మీ హోల్డాన్ గారు ఇల్లొదిలి వెళ్ళిపోతున్నారయ్యా. పాపం, ఏం గొడవలో ఏమో."

ఆ డ్రైవరు ఆయనతో ఏళ్ళ తరబడి ఒకే బస్సులో పనిచేసినవాడు. మర్నాడు స్టాపులో బస్సు ఆపి, కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"అన్నా! ఎక్కడికి ప్రయాణం?"

"ఎక్కడికీ లేదు."

"మరి ఆ పెట్టె?"

"ఊరికే."

వీడూ బావమరిదీ స్నేహితులు, వీడికి చెబితే సాయంత్రానికల్లా అతనికి తెలిసిపోతుందని హోల్డాన్ భయం. చొక్కా అంచు సర్దుతూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. దాంతో డ్రైవరుకు అంతా అర్థమైపోయింది. 'రోజూ వెళ్ళిపోదామని వస్తున్నాడు. రోజూ ధైర్యం చాలక వెనక్కి పోతున్నాడు.' సాయంత్రానికల్లా బావమరిదికి ఫోన్ చేశాడు. బావమరిది అక్కకు చేశాడు.

"అక్కా, బావ ఇల్లొదిలి పోతున్నాడటగా? అదీ నా సూట్‌కేసుతో!"

"నీ సూట్‌కేసు నీకెప్పుడో ఇచ్చేశారుగా?"

"నాకెక్కడిచ్చాడు?"

ఆవిడ ఫోన్ పెట్టేసి మిషన్ ముందు కూర్చుంది. కుడుతున్న చొక్కాకు రెండు చేతులూ ఒకే వైపు కుట్టేసింది. సూట్‌కేసు దాచాడంటే ఇది నిన్నటి ఆలోచన కాదు. ముప్ఫై ఏళ్ళు రోజూ ఆయన డ్యూటీకి వెళ్తుంటే మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూసింది. రిటైరైన రోజున, ఇక ఆ వీపు చూసే పని లేదని ఎంత సంతోషించిందో!

అందుకే ఆ ఉదయం ఆవిడ నిద్ర నటించింది. గేటు సన్నగా కిర్రుమనగానే లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వెనకాలే నడిచింది.

స్టాపులో అప్పటికే బావమరిది కాచుకుని ఉన్నాడు. బస్సు వచ్చి అడ్డంగా ఆగింది. అప్పుడే ఎక్కిన టీచరమ్మ మొదలు ప్రయాణికులంతా కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టారు.

"ఇంటికెళ్ళండి పెద్దాయనా! ఈ వయసులో అలకలేంటి?"

"ఏమయ్యా కండక్టరూ, మాకు చిల్లర ఎగ్గొట్టినట్టు భార్యనూ ఎగ్గొడతావా?"

హోల్డాన్‌కు ఏమీ అర్థం కాలేదు. తిరిగి చూస్తే భార్య. ఒట్టి కాళ్ళతో, చెదిరిన జుట్టుతో.

"ఏమండీ," అంది ఆవిడ. "వెళ్తే వెళ్ళండి. చెప్పకుండా వెళ్ళడమేంటి?"

"వెళ్ళడమేంటే?"

"నాటకాలాడకు బావా! మా అక్క ఇంట్లోంచి ఏం మూటగట్టావో చూపించు!" అంటూ బావమరిది ఖాకీ చొక్కా లాగేశాడు.

మూడు టమాటా మొక్కలు ఎండలో తలలూపాయి. ఒకదానికి పసుప్పచ్చని పువ్వు కూడా ఉంది. కిటికీల్లోని తలలు ఒకటొకటే లోపలికి వెళ్ళాయి.

"నా సూట్‌కేసు!" అన్నాడు బావమరిది నీరసంగా. "కోసేశావా?"

"కోసేశాను. తప్పే."

"మళ్ళీ అతకదా?"

"అతకదు."

"ఒట్టు?"

"ఒట్టు."

బావమరిది అమాంతం ఆయన్ని కావలించుకున్నాడు. "బతికించావు బావా! మీరు తిరిగొచ్చినప్పట్నుంచి మనమెప్పుడు వెళ్దామని మా ఆవిడ ప్రాణం తోడేస్తోంది. బావ సూట్‌కేసు ఇవ్వనీ అని నెట్టుకొస్తున్నా. బస్సెక్కితే నాకు కడుపులో తిప్పుతుంది!"

టైలరమ్మకు ఇవేవీ వినబడటం లేదు. ఒంగి ఆ పువ్వును వేలితో తాకింది.

"ఇది కాయడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"రెండు నెలలు."

"కాసాక?"

"మళ్ళీ నారు పోస్తాను. ఎవరో ఒకరు రోజూ ఎండకు తేవాలిగా."

ఆవిడ పెద్దగా ఊపిరి వదిలింది. కొంగుతో ముఖం తుడుచుకుని, సూట్‌కేసు పిడి మీద ఆయన చెయ్యి పక్కనే తన చెయ్యి వేసింది.

"అన్నా, ఎక్కుతున్నావా లేదా? లేటైపోతోంది!" డ్రైవరు హారన్ కొట్టాడు.

"రైట్ రైట్!" అన్నాడు హోల్డాన్. బస్సు ఆయన లేకుండానే కదిలింది.

మర్నాడు పొద్దున బావమరిది భార్య వెళ్ళి కొత్త సూట్‌కేసు కొనుక్కుంది. సాయంత్రం బావమరిది రంపం అరువడగడానికి వచ్చాడు.