సున్నా కిందికి దిగిన ఫిర్యాదులు

ఒక పెద్ద అడవిలో (పేరు చెప్పను, నాకక్కడ ఇంకా పనులున్నాయి) ఫిర్యాదుల శాఖకు ఒక తొండ అధికారి. ఎవరేమన్నా తలాడించడమే దాని అర్హత.

మడుగులోకి దిగే దారికి అడ్డంగా నీళ్ల మంత్రి ఏనుగుగారు పొద్దస్తమానం పడుకునేవారు. పిల్లలు దాహంతో అల్లాడిపోతుంటే కుందేలమ్మ రోజూ వచ్చి ఫిర్యాదు రాయించేది. ఆవిడను చూసి మిగతా జంతువులూ రాయించాయి.

లెక్కల కొంగ మాస్టారు మడుగు ఒడ్డున నిటారు బండ మీద సుద్దతో గ్రాఫు గీశారు. నీళ్లు బండను తాకే చోటు సున్నా. ఫిర్యాదుల గీత నెలనెలా పైకెక్కి నలభై దగ్గర ఆగింది.

"రేపు సింహంగారు చూస్తే నా ఉద్యోగం గోవిందా!" అని తొండ లబోదిబోమంది. అంతలో నీళ్లలోకి చూసి ఎగిరి గంతేసింది. నీడలో గీత కిందికి దిగిపోతోంది!

"అది అక్షం మీద తిరగబడ్డ గ్రాఫు నాయనా. నలభై కాస్తా మైనస్ నలభై అయింది," అన్నారు మాస్టారు.

"తగ్గితే మంచిదేగా! మీరు నోరు మూసుకోండి."

మర్నాడు తొండ సింహాన్ని బండకెదురుగా అవతలి ఒడ్డున కూర్చోబెట్టి, ఎండ తగలకుండా అన్నట్టు కళ్ల పైన ఆకు అడ్డంపెట్టి నీళ్లు చూపించింది. సింహం ముఖం మాడ్చుకుంది.

"సున్నాకు కిందా? అంటే నా రాజ్యంలో నలభై ఫిర్యాదులు లోటా? పక్క అడవి వాళ్లు నవ్వరూ? భర్తీ చెయ్! అందరూ వచ్చి రాయాల్సిందే, మంత్రులతో సహా!"

తొండ తలాడించింది. ఇంకేం చేస్తుంది పాపం!

జంతువులన్నీ క్యూ కట్టాయి. తేనె మరీ తియ్యగా ఉందని ఎలుగుబంటి రాయించింది. ఉడుత తన తోక మీదే రాయించింది. ఒక్కో ఫిర్యాదుకూ మాస్టారు బండ మీద గీతను పైకి లాగారు. నీళ్లలో అది మరింత కిందికి జారింది. యాభై, డెబ్భై, తొంభై!

"ఇంకా దిగుతోందేంట్రా! ఇంకా రాయించు!" అని సింహం గర్జించింది.

తొండకు ఏడుపొచ్చేసింది. "తప్పైపోయింది మహారాజా, ఒక్కసారి ఆ ఆకు తీసి పైకి చూడండి."

సింహం చూసింది. "శభాష్! లోటు తీరి మిగులు కూడానా! ఇంక ఈ శాఖతో పనేముంది? మూసెయ్."

తొండ ఉద్యోగం ఆ పూటే ఊడింది.

శాఖ మూసేశారని ఏనుగుగారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. రాజాజ్ఞ కదా, ఆయన క్యూ చివర నిలబడి దోమల మీద ఫిర్యాదు బట్టీపడుతూనే ఉన్నారు. కుందేలమ్మ పిల్లల్ని మడుగులోకి దింపి కడుపునిండా నీళ్లు తాగించింది.

నీతి: దారికడ్డంగా పడుకున్న మంత్రిని లేపాలంటే ఆయన మీద ఫిర్యాదు చెయ్యకండి, ఆయన చేతే చేయించండి.