వంటింటి గడియారం

ఉల్రికా ఆ ఉదయానికి ఎనిమిది పసుపు కాగితాల మీద పథకం రాసుకుంది. ఏడింటికి బట్టలు ఉతికే గది. తరవాత స్నానం, బంగాళదుంపలు, ఫోటో అట్ట. పదకొండుంపావుకి ఇంట్లోంచి బయలుదేరడం. చివరి కాగితం మీద ఎర్ర సిరాతో 'పన్నెండున్నర, తువా' అని రాసి, కింద మూడు గీతలు కొట్టింది.

పన్నెండున్నరకి కూతురు తువా బడి తలుపులు తోసుకుని, తెల్ల టోపీ పెట్టుకుని, తోటివాళ్ళతో కేకలు వేస్తూ బయటికి పరుగెత్తుతుంది. చదువు పూర్తయిన పిల్లల కోసం వెస్టెరోస్‌లో ఊరంతా బడి ముందు నిలబడుతుంది. చిన్నప్పటి ఫోటో అంటించిన అట్టను కర్రకు కట్టి పైకెత్తి, మా పిల్ల ఇదిగో అని చూపిస్తారు. ఆ పరుగు రెండు నిమిషాలు. తప్పిపోతే మళ్ళీ లేదు.

ఉల్రికాకు ఇప్పటికి ఇలాంటివి చాలా తప్పిపోయాయి. చలికాలం పండగకి తువా నెత్తిన కొవ్వొత్తుల కిరీటం పెట్టుకుని పాడిన పాట చివరి చప్పట్లకు చేరింది. ఈత పోటీకి మర్నాడు వెళ్ళింది. వెళ్ళిన ప్రతిచోటా మొగుడు హోకన్ ఒకే మాట అనేవాడు. "పరవాలేదులే, వచ్చావుగా." నలభయ్యారో ఏట డాక్టరు ఈ ధ్యాస నిలవని జబ్బుకు ఏడీహెచ్‌డీ అని పేరు పెట్టాక కారణం తెలిసింది కానీ సిగ్గు మాత్రం పోలేదు. పోయిన వారం తువా చాలా మెత్తగా, "అమ్మా, నువ్వు అందుకోలేకపోయినా నేనేమీ అనుకోను," అంది. ఆ మెత్తదనానికి ఉల్రికా స్నానాలగదిలోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చింది.

అందుకే ఈసారి గట్టి ఏర్పాట్లు చేసింది. పొద్దున్నే గంటలు మింగేసే ఫోనును రొట్టెల డబ్బాలో పెట్టి మూత వేసింది. వంటింటి గడియారాన్ని ఇరవై నిమిషాలు ముందుకు తిప్పింది. ఎవరికీ చెప్పలేదు.

గడియారం ఏడు చూపించగానే మేజాబల్ల గుడ్డల బుట్ట ఎత్తుకుని, బిల్డింగంతటికీ ఉమ్మడిగా ఉన్న కింది ఉతుకు గదికి దిగింది. బయట ఎండ బాగానే ఉంది, కానీ జూన్‌లో అక్కడ మూడున్నరకే తెల్లవారిపోతుంది, సూర్యుణ్ణి చూసి వేళ చెప్పడం ఎవరివల్లా కాదు. మెషీను తిరగడం మొదలుపెట్టిన రెండు నిమిషాలకు, రైల్వేలో టైంటేబుళ్ళు వేసి రిటైరైన పక్కింటి బెరిత్ రాత్రి గౌను మీదే తలుపు దగ్గర ప్రత్యక్షమైంది. ఏ వేళ ఎవరిదో తాళం తగిలించి గుర్తుపెట్టే బోర్డుతో సహా, ఆ గదికి ఆవిడే చట్టం.

"ఉల్రికా! టైమెంతయిందో తెలుసా?"

"తెలుసండీ, తెలుసు. క్షమించండి. ఎంత ప్రయత్నించినా..."

"ఇది మనుషులు వచ్చే వేళేనా?"

"కాదండీ. సిగ్గుగా ఉంది. ఇంకోసారి ఇంకా ముందే వస్తాను."

"ఇంకా ముందా?"

"గంట ముందు! ఒట్టు!"

బెరిత్ విసవిసా మెట్లెక్కి వెళ్ళిపోయింది. తలుపు మీద అంటించడానికి తిట్ల కాగితం రాస్తోందని ఉల్రికాకు తెలుసు. చెవులు కాలిపోతుంటే, అప్పటికే వేసిన సబ్బుపొడిని మళ్ళీ పోసింది.

తరవాత అంతా కాగితాల ప్రకారమే జరిగింది. గుడ్డలు ఆరాయి, దుంపలు ఉడికాయి. హోకన్ వాళ్ళమ్మ ఇంటినుంచి కుర్చీలు తేవడానికి కారేసుకుని వెళ్ళాడు. గడియారం పదకొండుంపావు చూపించిన క్షణాన ఉల్రికా అట్ట భుజాన వేసుకుని రోడ్డెక్కింది. అట్ట మీద పదకొండు నెలల తువా, మొహం నిండా జావతో నవ్వుతోంది. దారిలో చర్చి గడియారం పదింపావు చూపించింది. పాపం, దానికీ నా జబ్బే, అనుకుంది ఉల్రికా.

బడి ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ఆమె చేరేసరికే తలుపులు తెరుచుకుని తెల్ల టోపీలు వరదలా వచ్చేస్తున్నాయి. వేళే తప్పు రాసుకున్నానా అనుకుంది. అట్ట పైకెత్తి "తువా! తువా!" అని గొంతు పోయేలా అరిచింది. ఎవరి పిల్లను వాళ్ళు కౌగిలించుకుంటున్నారు. ఆమె దగ్గరికి ఎవరూ రాలేదు.

"అందరూ వచ్చేశారా?" అని పక్కనున్న పెద్దాయనను అడిగింది.

"వచ్చేశారమ్మా. మా మనవడే ఆఖరు. మీ పిల్ల ఎక్కడ?"

ఏ తరగతి వచ్చింది అని అడిగితే సరిపోయేది. కానీ అడిగితే, కన్నకూతురి పరుగు వేళ తెలియని తల్లి అని తేలిపోతుంది. "అదిగో, అక్కడ," అని ఎవరో పిల్ల వైపు చెయ్యి చూపించి, తల వంచుకుని వచ్చేసింది. ఇంటిదాకా అట్టను తిరగేసి మోసింది, ఫోటోలోని నవ్వు ఎవరికీ కనబడకుండా.

మెట్ల దగ్గరికి రాగానే కింది గదిలోంచి బెరిత్ గొంతు ఖంగున వినిపించింది. "పది నుంచి ఒంటిగంట దాకా నా టైము! బోర్డు మీద నా తాళం ఉంది!" నేనింకేం మరిచిపోయానో అనుకుంటూ ఉల్రికా దిగింది.

లోపల తువా ఉంది. ఒంటికి తువ్వాలు, నెత్తిన తెల్ల టోపీ. మెషీను గాజుతలుపు వెనక తెల్ల గౌను గింగిరాలు తిరుగుతోంది.

"తల్లీ, నన్ను క్షమించు," అంటూ ఉల్రికా గడపలోనే కూలబడింది. "పరుగెత్తుకుంటూనే వచ్చాను. అయినా నువ్వు వచ్చింది చూడలేకపోయాను."

"ఎక్కడికి వచ్చింది?"

"బయటికి! మీరంతా పరుగెత్తారుగా!"

"అమ్మా, ఇప్పుడు టైము పదకొండు. అది వడ్రంగం తరగతి వాళ్ళ పరుగు, మాది పన్నెండున్నరకే. నేను పన్నెండింటికి క్లాసులో ఉండాలి. పొద్దున పార్కులో క్లాసంతా ఫలహారం చేస్తుంటే స్ట్రాబెర్రీ జామంతా నా మీదే పడింది. పద్నాలుగుసార్లు ఫోన్ చేశా! పది నిమిషాల్లో ఉతికేద్దామనుకున్నా. ఈ మెషీను ఇంకా నలభై నిమిషాలంటోంది, తలుపు రావట్లేదు."

"పదకొండా? మన గడియారం లెక్కన పన్నెండు కావాలే..."

తువా నాలుక కరుచుకుంది. "అది నేను ఇరవై నిమిషాలు ముందుకి తిప్పానమ్మా. నీ కోసమే."

"నేనూ ఇరవై తిప్పాను."

"మరి ఇంకో ఇరవై?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "నాన్న!"

బెరిత్ చేతులు కట్టుకుంది. "అందుకా ఆరింటికే మెషీను వేసి బిల్డింగంతా లేపావు! తొందరగా వచ్చినందుకు తిడితే, ఇంకా తొందరగా వస్తానని ఒట్టు వేస్తావా?"

ఉల్రికా నోటిదాకా 'క్షమించండి' వచ్చింది. మెషీనులో గౌను కనబడింది. మింగేసింది.

"బెరిత్ గారూ, నన్ను రేపు తిట్టండి. గంటసేపు. బోర్డు మీద టైము కూడా బుక్ చేస్తాను. ఇప్పుడు మాత్రం ఆ తలుపు తీయించండి."

బెరిత్ పెదవి ఒక్క పక్కకు కదిలింది. "రేపు పది నుంచి పదకొండు," అంది. మీట తిప్పింది, నీళ్ళు దించింది, తలుపు టక్కున తెరిచింది. గౌనును పిండి, ఆరబెట్టే బీరువాలో వేడి పెంచి, తన ఇస్త్రీపెట్టె తెచ్చింది. ఈలోగా తువా బూట్ల కోసం పైకి పరుగెత్తి, పనిలో పనిగా గడియారాన్ని గంట వెనక్కి తిప్పింది. కాసేపటికి ఉల్రికా ఫోను కోసం పైకెళ్ళింది. పద్నాలుగు కాల్స్ మోగి మోగి అది రొట్టెల మధ్య చచ్చిపడి ఉంది. ఆమె కూడా గడియారాన్ని గంట వెనక్కి తిప్పి, ఇదైనా మరిచిపోకుండా చేశానని తనను తాను మెచ్చుకుంది.

పన్నెండున్నరకి తలుపులు తెరుచుకున్నాయి. ముప్పావుగంట నుంచి ముందు వరసలో నిలబడిన ఉల్రికా చేతులు లాగేస్తున్నా అట్ట దించలేదు. తువా రెండో మెట్టు మీదే ఆగి చూసింది. తల్లిని, జావ మొహాన్ని, మళ్ళీ తల్లిని. పరుగెత్తుకొచ్చి మెడను చుట్టేసుకుంది. గౌను వెనకవైపు ఇంకా కొంచెం తడిగానే ఉంది.

"అందరికంటే ముందున్నావే!" అంది చెవిలో.

ఉల్రికా కూతుర్ని ఇంకా గట్టిగా హత్తుకుంది. ముందున్నవాళ్ళు అనే మాటలు ఆమెకు అలవాటు లేవు.

తువా ఎన్నిసార్లు చేసినా హోకన్ ఫోను ఎత్తలేదు. కుర్చీలు తెచ్చి దించి, ఇంట్లో మోచేతులదాకా మయోనీస్‌తో, బ్రెడ్డు మీద బ్రెడ్డు పేర్చి శాండ్‌విచ్ కేకు కడుతూ, గోడ మీది గడియారం చూసుకుంటూ చాలా తీరికగా ఉన్నాడు. ఖాళీ అయిన బడి ముందుకు అతను రొప్పుతూ వచ్చేసరికి ఒకటిన్నర దాటింది. కంగారులో కేకు కూడా చేతుల్లోనే పట్టుకొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"గడియారం... నేను... తువా, నాన్నని..." అని నసిగాడు.

ఉల్రికా అతని చొక్కా మీది మయోనీస్ తుడిచింది. "పరవాలేదులే," అంది, "వచ్చావుగా."

ఆ మాట వినడం ఎంత కష్టమో హోకన్‌కు మొదటిసారి తెలిసింది. పైగా కేకులో రొయ్యలు వెయ్యడం మరిచిపోయాడు.