పొదుపు నేర్చిన రేడియో

ఆ ఉదయం కరుణాకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. చద్దన్నం తినేసి, మీటరు సంచిలో పెట్టుకుని చెంచురామయ్య ఇంటికి వెళ్ళాలి. ఆయన ట్రాన్సిస్టరు ఎంత కరెంటు తాగుతుందో కొలిచి చూపించి, శుక్రవారం పొద్దున కాసేపు దాన్ని పెట్టడానికి ఒప్పించాలి. ఎండ ముదిరేలోగా ఇంటికొచ్చి తలంటుకోవాలి.

చిట్టమూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఉన్న ఆ ఊరికి కరెంటు స్తంభాలు ఇంకా రాలేదు. ఊరంతటికీ ఒకటే రేడియో. దానికి తోలు తొడుగు వేసి, దూలానికి వేలాడగట్టి, వాయుగుండం కబురుకూ వడ్ల ధరకూ తప్ప చెంచురామయ్య విప్పేవాడు కాదు. బ్యాటరీలు నాయుడుపేటలో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు.

శుక్రవారం రేడియోలో వచ్చేది దరియావలి నాదస్వరం. దరియావలి ఆ ఊరి మేళగాడు. మీసాలు రాకముందు నుంచీ చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ ఆయన ఊపిరి మీదే నడిచాయి. ఈమధ్య స్టేషనువాళ్ళు పిలిపించి, ఆయన వాయించింది టేపు మీదికి ఎక్కించుకున్నారు. వేసేది ఒక్కసారే. ఇన్నేళ్ళుగా వాయిస్తున్నా ఆయన తన పాట ఎప్పుడూ వినలేదు.

"వాయించేటప్పుడు చెవుల్లో నా ఊపిరే మోగతాది మ్మే. పాట ఎదురుగా కూచున్నోళ్ళకే. ఒక్కసారి నేనూ ఎదురుగా కూచోవాలని ఉంది" అన్నాడాయన కరుణతో. చిన్నప్పుడు ఆయన సన్నాయి లాక్కుని ఊది బుగ్గలు వాచిపోయిన పిల్ల ఆమె. ఆ మాట విన్నాక ఇంట్లో కూర్చోలేకపోయింది.

చెంచురామయ్య మాత్రం కుదరదన్నాడు. ఆయన లెక్క ఆయనకుంది.

"వార్తలంటే ఒక మనిషి. మేళమంటే నాదస్వరం, రెండు డోళ్ళు, తాళం, శ్రుతి. అంతమందిని మొయ్యాలంటే బ్యాటరీ ఏమైపోవాల?"

కరుణ చదివిన మద్రాసు పాలిటెక్నిక్‌లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. అందుకే ఆమె మూర్ మార్కెట్లో పాత సామాన్ల కొట్లో కొన్న మీటరు తీసింది. బ్యాటరీలకూ రేడియోకూ నడుమ దాన్ని తీగలతో కలిపింది. రేడియో తాగే ప్రతి చుక్కా దీనిలోంచే పోవాలి, సూది ఎంత లేస్తే అంత తాగినట్టు అని వివరించింది. వార్తలు పెట్టింది. సూది కొంచెం లేచి నిలబడింది. "చూశారా, ఎంత తక్కువో" అంది. అక్కడితో తీగలు విప్పేసి ఉంటే ఆమె ఆరోజు తలంటుకునేది.

ఎవరో రేడియో గొంతు పెంచారు. సూది గంతేసింది. అరుగు మీదివాళ్ళంతా లేచి నిలబడ్డారు. వార్తలు అవే, మనిషి ఆ ఒక్కడే, గొంతు పెంచితే ఎక్కువ తాగుతుంది, తగ్గిస్తే తక్కువ తాగుతుంది అని కరుణ చెప్పింది. ఎవరూ వినలేదు. సూది చూస్తున్నారు.

మర్నాటికి ఊరు సగం అక్కడే ఉంది. నాటకానికి ఎంత, హరికథకు ఎంత, ఆడమనిషి పాటకు ఎంత అని తెలుసుకోవాలనే కోరిక ఒక్కసారిగా అందరికీ పుట్టింది. భజనకు సూది బాగా లేచిందని భజన గుంపు పెద్ద వెంకయ్య మీసం దువ్వుకుంటే, చర్చి పెద్ద క్రీస్తురాజు నొచ్చుకున్నాడు. క్రీస్తు కీర్తన వచ్చేదాకా రేడియో కట్టెయ్యడానికి వీల్లేదన్నాడు. కీర్తన వచ్చింది. సూది అంత లేవలేదు. భజనకు పెట్టినంత గొంతు పెట్టలేదని, ఇంకో కీర్తన వచ్చేదాకా ఆపనివ్వలేదు. ఎక్కువ తాగితే భక్తి ఎక్కువున్నట్టా, తక్కువ తాగితే పొదుపైన భక్తా అని వాదన మొదలైంది. అది తేలేదాకా రేడియో మోగుతూనే ఉంది. కరెంటు దండగని మొదట గొణిగిన చెంచురామయ్య కూడా, తన ఇంటి ముందు ఇంతమంది జనాన్ని చూసి, కుర్చీ బయట వేయించుకున్నాడు.

బుధవారానికి సూది కిందికి దిగడం మొదలైంది. భజనకైనా, కీర్తనకైనా, నాటకానికైనా సూది లేచీ లేవనట్టుగా లేస్తోంది. దాన్ని మొదట గమనించింది చెంచురామయ్యే.

"చూడండయ్యా, తాగుడు తగ్గించింది. పిల్ల రేడియోకి పొదుపు నేర్పినాది. శుక్రవారం పెట్టుకోండి, మేళమైనా సరే. ఇదిగో చెప్తుండా, నా మాటకు తిరుగు లేదు."

సూది ఎందుకు దిగిందో ఆ వాకిట్లో తెలిసిన మనిషి ఒక్కతే. బ్యాటరీ చచ్చిపోతోంది. ఆ మాట చెప్పడానికి కరుణ నోరు తెరిచింది. గోడ పక్కన నిలబడిన దరియావలి భుజం మీది తువ్వాలు తీసి, ఏం చేయాలో తోచక మడతపెట్టి మళ్ళీ విప్పుతున్నాడు. ఆమె నోరు మూసుకుంది. కొత్త బ్యాటరీలు తెప్పిస్తే సరిపోతుందనుకుంది.

నాయుడుపేట కొట్టువాడు లారీ రాలేదన్నాడు. గూడూరు నుంచీ అదే కబురు. చివరికి కరుణ, చెంచురామయ్య భార్య ఆదిశేషమ్మను బతిమాలి, ఆయనకు తెలియకుండా బ్యాటరీలు ఊడదీసి మిద్దె మీద వడియాల పక్కన ఎండబెట్టింది. బ్యాటరీకి ఎండ తగిలితే ప్రాణం వస్తుందని ఊళ్ళో అందరూ నమ్ముతారు. అదంతా ఒట్టిదేనని ఆమె ఇంతకుముందు అందరితో వాదించి ఉంది. ఇప్పుడు మధ్యాహ్నమంతా మిద్దె మీద కూర్చుని కాకులను తోలింది.

శుక్రవారం దరియావలి ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందు చాప మీద కూర్చున్నాడు. పక్కన ఆయన భార్య రహీమున్నీసా, కొంగు నోటికడ్డం పెట్టుకుని. రేడియో పలికింది. ఆయన పేరు చెప్పారు. శ్రుతి మొదలైంది. ఆలాపన ఒక్క పలుకు, సన్నగా, దూరంగా వచ్చింది. దరియావలి ముందుకు వంగాడు. పలుకు ఇంకా సన్నబడింది. ఆయన రేడియోకు చెవి ఆనించాడు. డోలు అందుకున్న చోట ఏదో గుటక వేసినట్టయి, అంతా ఆగిపోయింది.

చెంచురామయ్య ఒక్కడే మీటరు మీదికి వంగాడు.

"సున్నా! మేళం మొత్తం అయింది, ఒక్క చుక్క తాగలా."

కరుణ ఆయనకు నిజం చెప్పింది. బ్యాటరీ చచ్చిందయ్యా, అందుకే సున్నా అంది. చదువుకున్న పిల్ల కాబట్టి వినయం అన్నాడాయన. బ్యాటరీ ఖర్చు కాలేదని సూదే చెబుతోంది కదా. వినపడలేదంటే తప్పు ఇంకెక్కడో ఉండాలి. కాసేపు ఆలోచించి దరియావలి భుజం తట్టాడు.

"ఏం లేదులే, మెల్లగా ఊదినట్టుండావు. ఈసారి పిలిస్తే గట్టిగా ఊదు."

దరియావలి తలూపాడు. చాప తానే చుట్టి గోడకు ఆనించి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచీ తెల్లవారేటప్పటికి కాలవగట్టు మీద సన్నాయి వినిపించేది. పాట కాదు. ఒకే స్వరం, ఊపిరి ఎంతవరకు నిలుస్తుందో చూసుకుంటున్నట్టు సాగదీసి, సాగదీసి, తెగేది. కరుణ ఒక పొద్దు దుప్పటి నెత్తిన లాక్కుంది. మరుసటి పొద్దు లేచి వెళ్ళింది. సూది దిగడం, తాను నోరు మూసుకోవడం, వడియాలు, కాకులు, అన్నీ చెప్పింది.

ఆయన ఆఖరిదాకా విని, "అంటే తగ్గింది నా ఊపిరి కాదు గదా?" అన్నాడు.

"కాదు మామా. బ్యాటరీది."

"అదే చాలులే" అన్నాడు. సన్నాయిని తువ్వాల్లో చుట్టుకుంటూ, కాలవ వైపు చూస్తూ అడిగాడు. "ఆ మిగతాది ఎట్ల వాయించి ఉంటానంటావు మ్మే?"

కరుణ సంచిలో మీటరు ఉంది. అది దేనికీ పనికిరాలేదు.

చెంచురామయ్య మాత్రం చాలా మారిపోయాడు. ఆ రేడియోను ఇప్పుడు ఎవరడిగినా ఇచ్చి పంపిస్తున్నాడు, ఏమీ తాగదు కాబట్టి.