మేడ మీద జెన్, మేడ కింద కొళాయి

మా హిందూపురం వీధి కొళాయికి నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియకపోవడం ఒక వరం! నవ్వకండి. కొత్త మిలీనియం వచ్చి రెండేళ్లయింది, ఇంకా జ్ఞానం కోసం బెంగళూరు ఆశ్రమాలకు పోవాలా? గుమ్మం ముందే, ప్లాస్టిక్ బిందెతో సహా దొరుకుతుంటే!

'నేను' అనేది నశించాలంటుంది జెన్. మా క్యూ చూడండి. అందులో మనుషులే ఉండరు! ఒకరి బదులు పగిలిన బకెట్టు, ఇంకొకరి బదులు రాయి, పక్కింటి కుళ్ళాయమ్మ బదులు తెగిన చెప్పు. ఆ చెప్పును ఎవరైనా జరిపితే మాత్రం కుళ్ళాయమ్మ వెంటనే ప్రత్యక్షమవుతుంది. ఆమెకు ఇంకొంచెం సాధన కావాలి.

శూన్యంలోనే అంతా ఉందంటారు తావో పెద్దలు. మా బిందెలు ఆ స్థితికి ఎప్పుడో చేరుకున్నాయి. ఇక బంధాలంటారా? పెనుకొండ బావమరిదైనా, ధర్మవరం వదినైనా స్నానం చేయకుండానే మధ్యాహ్నం బస్సెక్కేస్తారు. వైరాగ్యానికి ఇంతకంటే సులువైన దారి ఉందా?

ఇంత భాగ్యం పట్టినా సంతోషించని మనిషి చౌడక్క. వేరుశనగ చేలకు కూలికి పోతుంది. ఆటో వచ్చేలోగా బిందె నిండకపోతే, పిల్లలకు తాగే నీళ్లన్నా ఉండవు, ఆమెకు ఆ రోజు కూలన్నా ఉండదు.

కొళాయి ఎదుటి మేడ మీద రిటైర్డ్ లెక్చరర్ హనుమంతరాయుడుగారు జెన్ క్లాసులు చెబుతారు. నేనూ శిష్యుణ్ణే. ఒకరోజు చౌడక్క ఆయన్నే అడిగింది.

"సామీ, కొళాయి దారం మాదిరి సన్నగా వస్తాండాది. నేనేం జేసేది?"

"ఏమీ చేయొద్దమ్మా. నీళ్లు యాడికి పోవాల్నో ఆడికే పోతాయి. నువ్వు ఊరికే చూస్తా ఉండు."

ఎంత లోతు! మేమంతా తలలూపాం.

నిన్న పొద్దున క్లాసులో కళ్లు మూసుకుని కూర్చున్నాం. ఎక్కడి నుంచో గుయ్‌మని ఒక నాదం. "వినండి, విశ్వం పలుకుతోంది," అన్నారు గురువుగారు. నాకు ఒళ్లు పులకరించింది. అంతలో విశ్వం టక్కున ఆగిపోయింది!

గురువుగారు పద్మాసనం విప్పుకుని పిట్టగోడ దగ్గరికి ఉరికారు.

"ఎవరప్పా నా మోటారు ఆపింది? ట్యాంకు సగం గూడా నిండలేదే!"

కింద గేటు లోపల, వీధి కొళాయి పైపుకే తగిలించిన ఆ మోటారు స్విచ్ దగ్గర చౌడక్క. బయట కొళాయి కింద ఆమె బిందెలోకి నీళ్లు ధార కడుతున్నాయి.

"నేనే సామీ. ఆటో వస్తాండాది. బిందె నిండినాక మళ్లా నేనే ఏస్తాలే."

అన్నట్టే వేసింది. బిందె ఇంట్లో దించి ఆటో అందుకుంది. గురువుగారు వచ్చి కూర్చుని, "ఎక్కడున్నాం?" అన్నారు.

మేమంతా బుద్ధిగా కళ్లు మూసుకున్నాం.