సారయ్య కూలగొట్టిన అంతస్తు

ఇల్లు కట్టుకున్నవాడికి ఈ లోకంలో బిల్డింగ్ రూల్‌ని మించిన ఆప్తమిత్రుడు లేడు! నమ్మరా? అయితే మధురానగర్ సారయ్య సంగతి వినండి.

సారయ్య నాయన ఆ జాగాలో కూరగాయలు పండించేవాడు. సాఫ్ట్‌వేర్ వచ్చాక, ఆ మట్టిలో కొత్తిమీర కంటే హాస్టళ్లు బాగా మొలుస్తాయని తేలింది. సారయ్య పర్మిషన్ ప్రకారం మూడంతస్తులు వేశాడు. మైత్రీవనం కోచింగ్ సెంటర్లలో జావా నేర్చుకుందామని బ్యాగులతో బస్సు దిగి, గది దొరక్క తిరుగుతున్న పిల్లల్ని చూసి మనసు కరిగి, పైన నాలుగోది కూడా వేశాడు. దానికి పర్మిషన్ లేదు. మనసు కరిగేటప్పుడు పర్మిషన్ ఎవరడుగుతారు?

ఇంటి చుట్టూ గాలీ వెలుతురూ ఆడేలా ఖాళీ వదలాలని ఇంకో రూలుంది. పక్కింటి హనుమత్ప్రసాద్ గారు ఆ ఖాళీని కూడా గదులుగా మార్చి, మీద రెండంతస్తులు అదనంగా లేపారు. దాంతో సారయ్య ఇంట్లో కుర్రాడు కిటికీలోంచి చెయ్యి చాస్తే పక్కింటి గదిలో ఫ్యాన్ ఆపొచ్చు. ఇరుగుపొరుగుల మధ్య ఇంత దగ్గరితనం ఇంకెక్కడైనా ఉందా?

సారయ్య నాలుగో అంతస్తులో ప్రమోద్ ఉండేవాడు. తెనాలి కుర్రాడు. జావా కోసం వచ్చి, అది నేర్చుకునేలోపు డిమాండ్ టెస్టింగ్‌కి మారితే టెస్టింగ్‌లో చేరి, అక్కడే పాతుకుపోయాడు. సారయ్య భార్య రాజమ్మ అతనికి పచ్చిపులుసు అలవాటు చేసింది. అతను ఆమెకి ప్రతి మాటకీ "ఏంటండీ" అనడం అలవాటు చేశాడు.

ఒకరోజు పొద్దున్నే రెండు గేట్లకీ నోటీసులు అంటించి ఉన్నాయి. అనుమతి లేని అంతస్తులు తొలగించవలెను!

హనుమత్ప్రసాద్ గారు కళ్లజోడు పెట్టుకుని చదివి, నోటీసు ఇంట్లో ఇచ్చారు. ఆయన భార్య దుర్గాంబ గారు దాన్ని డాబా మీద వడియాల కింద పరిచారు. మంచి దళసరి కాగితం!

సారయ్యకి మాత్రం ముద్ద దిగలేదు.

"సర్కారోళ్లు ఊకెనే రాస్తరా? తప్పు చేసినం. ఒప్పుకోవాలె గద."

"పక్కాయన జర సుత కదుల్తలేడు. నీకొక్కనికే ఎందుకయ్యా ఫికర్?" అంది రాజమ్మ.

గోడ మీదుగా హనుమత్ప్రసాద్ గారు కూడా నచ్చజెప్పారు. "నోటీసంటే పలకరింపు సారయ్య గారూ! పలకరించిన ప్రతిసారీ లేచి నిలబడతామా ఏంటి?"

సారయ్య లేచి నిలబడ్డాడు. కూలీల్ని పిలిపించాడు. మొదటి సుత్తి దెబ్బ వినపడగానే రాజమ్మ లోపలికెళ్లి కుక్కర్ ఎక్కించింది, ఆ విజిల్ మోతలో పైన మోత కలిసిపోతుందని. కలవలేదు.

ప్రమోద్ తలొంచుకుని వచ్చాడు. "వెళ్లొస్తాను అంకుల్."

"నీకు రూమ్ దొరికిందా బిడ్డా?"

"దొరికిందండీ..." కుర్రాడు నసిగాడు. "హనుమత్ప్రసాద్ గారి పై అంతస్తులో."

సామాను మోసే శ్రమ కూడా లేకపోయింది. సూట్‌కేసు ఈ కిటికీలోంచి ఇస్తే ఆ కిటికీలో అందుకున్నారు. ఒక అక్రమ కట్టడం నుంచి ఇంకో అక్రమ కట్టడానికి ఇంత సుఖమైన షిఫ్టింగ్ చరిత్రలో లేదు!

పని పూర్తయ్యాక సారయ్య తెల్లచొక్కా వేసుకుని మున్సిపల్ ఆఫీసుకెళ్లాడు. "కూలగొట్టిన సార్" అన్నాడు గర్వంగా.

అధికారి టీ గ్లాసు కింద పెట్టాడు. "నిజంగానా? ఎందుకు?"

సారయ్య జేబులోంచి నోటీసు తీసి చూపించాడు.

వానాకాలం గడవకముందే ప్రభుత్వానికి కూడా మనసు కరిగింది. అనుమతి లేకుండా కట్టుకున్నవాళ్లంతా రుసుము చెల్లించి సక్రమం చేయించుకోవచ్చని పథకం వచ్చింది. హనుమత్ప్రసాద్ గారి రెండంతస్తులూ రాత్రికి రాత్రి గౌరవనీయమైపోయాయి. దుర్గాంబ గారు వాడంతా పులిహోర పంచారు. సారయ్య తన వంతు పక్కన పెట్టేసి ఆఫీసుకి పరుగెత్తాడు.

"నా అంతస్తు సుత రాసుకోండి సార్!"

"ఎక్కడుంది?"

"ఉండె. మీరు చెప్తేనే తీసేసిన."

"లేనిదాన్ని ఎలా సక్రమం చేస్తామండీ? రూల్ ఒప్పుకోదు."

"అయితే మల్ల కట్టుకోనా?"

అధికారి ఉలిక్కిపడ్డాడు. "కడితే అక్రమ కట్టడం అవుతుంది! పథకం పాత అక్రమాలకే. కొత్త అక్రమాలను ఈ ఆఫీసు సహించదు!"

సారయ్య మొహం చూసి ఆయనకి జాలేసింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మంచివారిలా ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. ఇంకో పథకం రాకపోదు. అప్పటికి ఏదో ఒకటి కట్టి ఉంచుకోండి. నడుమ నోటీసులు వస్తుంటాయి. మనసులో పెట్టుకోకండి."

తప్పు చేసిన పౌరుడికి ఇంత ముందుచూపుతో, ఇంత వాత్సల్యంతో సలహా ఇచ్చే రూల్స్ మరే దేశంలోనైనా ఉన్నాయా?

సారయ్య గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "సార్, చెప్పినట్టు విన్నోళ్లకు ఏమన్న స్కీమ్ ఉన్నదా?"

ఆఫీసంతా పగలబడి నవ్వింది. పాపం, ఎప్పుడూ పనిలో మునిగి ఉండే మనుషులు!

వారం తిరక్కుండా సారయ్య గేటు ముందు ఇసుక లారీ ఆగింది. మేస్త్రీ సాయిలు పైకెక్కి, టేపు పట్టి, కిందికి తొంగి చూశాడు. "ఎన్నంతస్తులు వెయ్యాలె అన్న?"

సారయ్య ఇంకా తటపటాయిస్తూనే ఉన్నాడు. వంటింట్లోంచి రాజమ్మ కేకేసింది.

"రెండెయ్! ఒకటి కిరాయికి, ఇంకోటి సర్కారోళ్లు అడిగితే కూలగొట్టి చూపెట్టనీకి!"