బస్టాండుకు బదిలీ అయిన గొంతు

కళల శాఖవారు నరహరి దాసుగారి గొంతును కొండవరం బస్టాండుకు బదిలీ చేసిన ఉదయం ఆయన ఉప్మా తింటున్నారు. కాస్త ఆవకాయ వెయ్యమని భార్యను అడగబోతే మాట రాలేదు. వాకిట్లో నిలబడ్డ బంట్రోతు, గొంతు ఇప్పుడే డ్యూటీలో చేరిందని చెప్పి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

దాసుగారు నొచ్చుకున్నారా అంటే, అబద్ధమెందుకు, నొచ్చుకోలేదు. కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి, ఊరూరా హరికథలు చెప్పిన గొంతది. ఈమధ్య ఎదుట మిగిలేదెవరు? పందిరి విప్పేవాడూ, మైకు విప్పేవాడూ. పాలసముద్రంలో విషం పుట్టే ఘట్టంలో ఎవరో లేచి ప్రసాదం ఎప్పుడు పెడతారని అడిగేవారు. అలాంటి గొంతును సర్కారు గుర్తుపెట్టుకుని ఒక నీడన చేర్చిందంటే మాటలా? పక్కవీధి మృదంగం మాస్టారు కూడా వచ్చి సంతోషించారు. ముద్రలు కొట్టడానికి ఆయన చేతులను నిరుడే రిజిస్ట్రారాఫీసుకు పంపారు కనుక, దాసుగారి భుజాన్ని భుజంతోనే తట్టి వెళ్లారు.

భార్య మాణిక్యాంబ మాత్రం ససేమిరా అంది. "మీ గొంతు లేక ఇల్లు బావురుమంటంది. పోట్లాడదామన్నా ఎదురుపలికే దిక్కు లేదు. ఎట్టాగైనా ఎనక్కి తెచ్చుకోండి," అంది. ఆమె కళ్లనీళ్లు చూసి ఆయన సరేనని తల ఊపారు.

ఇద్దరూ బస్టాండుకు వెళ్లి బల్లమీద కూర్చున్నారు. గొంతు శుభ్రంగానే పనిచేస్తోంది. అయితే పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. "చీరాల వెళ్లు బస్సు రెండవ ప్లాట్‌ఫారం మీద" అని మొదలుపెట్టి, ఆ బస్సు మందరపర్వతమంత ఉన్నదని వర్ణించి, మోహనరాగం అందుకుని, తిన్నగా పాలసముద్రంలోకి దిగిపోయేది. మధ్యలో "శ్రీమద్రమారమణ గోవిందో" అంటే బస్టాండు బస్టాండంతా "హరి" అనేది. జనం బస్సులెక్కడం మానేశారు.

"అమృతం పంచకుండా చీరాల ఎట్టా పోతాం?" అని ఒక పెద్దాయన మూట దించి కూర్చున్నాడు. కాసేపటికి కండక్టరూ దిగివచ్చి పక్కన చేరాడు. బస్సు ఖాళీగా పోయింది. ఇంతమంది కదలకుండా కూర్చుని తన కథ వినడం దాసుగారు జన్మలో ఎరగరు. ఆనందంతో ఆయనకు కడుపు నిండిపోయింది.

ఖాళీ బస్సుల మీద బస్టాండు ఆఫీసులోనే విచారణ వేశారు. తప్పు రుజువైతే గొంతు సొంతదారుకు వాపసు. లేకపోతే శాశ్వతంగా బస్టాండుదే. సాక్షి దాసుగారొక్కరే. మాట్లాడలేరు కనుక తల ఊపితే చాలన్నారు.

"మీ గొంతు వల్ల జనం ఆగిపోతున్నారా, దాసుగారూ?" అని విచారణాధికారి పరంజ్యోతి అడిగాడు. "అవునంటే సాయంత్రానికి మీ ఇంటికి పంపించేస్తాం."

"ఊపండి," అంది వెనకనుంచి మాణిక్యాంబ.

బయట అమృతం పుడుతోంది. చంటిపిల్లను ఒళ్లో వేసుకున్న ఒకామె, అప్పటికే రెండు బస్సులు పోగొట్టుకుని, నోరు తెరుచుకుని వింటోంది. ఇంటికి తెచ్చుకుంటే ఈ గొంతును వినేది ఎవరు? దాసుగారు తల అడ్డంగా ఊపారు.

"మరి నాకేం మిగిల్చారు?" అంది మాణిక్యాంబ. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి బల్లమీద కూర్చోబెట్టారు. ఆమె ఏడుస్తూనే వింది.

ఉద్యోగం శాశ్వతమైంది కనుక గొంతును నెలరోజులు శిక్షణకు పంపారు. తిరిగొచ్చాక మోహన లేదు, సముద్రం లేదు. బస్సు పేరూ, వేళా చెప్పి ఊరుకునేది. జనం వేళకు ఎక్కి వేళకు వెళ్లిపోయారు. దాసుగారు మాత్రం మాణిక్యాంబను వెంటబెట్టుకుని రోజూ వచ్చి, ఎంత స్పష్టంగా పలుకుతోందోనని మురిసిపోయేవారు.

ఒక మధ్యాహ్నం గొంతు, "ప్రయాణం లేనివారు దయచేసి బల్లలు ఖాళీ చేయవలెను," అంది.

"మనల్నేనా?" అని అడిగింది మాణిక్యాంబ.

దాసుగారు అవునని తల ఊపి, అందరికంటే ముందు లేచారు. దయచేసి అన్నది కదా, అదే పదివేలనుకుని, మైకు వైపు చేతులు జోడించి ఎండలోకి నడిచారు.